నాలుక నుంచి పరీక్షనాళిక దాకా: తాగునీటిలో సల్ఫేట్ల కథ

తేటగా కనిపించే నీటిలో కరిగి ఉన్న లవణాలను కన్ను పసిగట్టలేదు. పూర్వం ఆ పని నాలుకే చేసేది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులోని ఎప్సమ్ ఊటనీరు చేదు రుచికీ, విరేచనకారి గుణానికీ పేరుపొందింది. 1695లో నెహెమయా గ్రూ ఆ నీటి లవణంపై గ్రంథం ప్రచురించాడు. అదే నేటి మెగ్నీషియం సల్ఫేట్.

మరి రుచికి అందనంత తక్కువగా ఉంటే? జవాబు స్వీడన్ నుంచి వచ్చింది. టోర్బెర్న్ బెర్గ్‌మన్ 1778లో వెలువరించిన జలవిశ్లేషణ గ్రంథంలో ఇందుకు బేరియం లవణాన్ని వాడాడు. మన కళాశాలల్లో నేటికీ అదే సూత్రం. నీటికి కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఆపై బేరియం క్లోరైడ్ ద్రావణం కలుపుతారు. సల్ఫేట్ ఉంటే తెల్లని అవక్షేపం ఏర్పడుతుంది. కార్బొనేట్లు కూడా తెల్లని అవక్షేపమిచ్చి మనల్ని మోసగించకుండా ఆమ్లం కాపాడుతుంది. బేరియం క్లోరైడ్ విషం. పరీక్షించిన నీటిని పారబోయాలి, తాగరాదు.

ఉందని తెలిస్తే చాలదు, ఎంత ఉందో తెలియాలి. అందుకే ప్రయోగశాలల్లో ఆ తెల్లదనం కాంతిని ఎంత అడ్డుకుంటుందో కొలుస్తారు. భారత ప్రమాణం ఐ.ఎస్. 10500:2012 లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఆమోదిస్తుంది. మరో నీటివనరు లేనప్పుడు 400 దాకా అనుమతిస్తుంది. సల్ఫేట్లు మితిమీరితే విరేచనాలు కావచ్చు. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి గాని సల్ఫేట్లు పోవు. కనుక తేటనీటికైనా పరీక్ష తప్పదు.