మంఖాల్ నుంచి మూసీ దాకా: ఒక్క రోజులో పాత హైదరాబాద్ చూసి రావాలంటే

మంఖాల్, తుక్కుగూడ, శంషాబాద్ వైపు వాళ్లకు పాత బస్తీ కొత్తేం కాదు. పెళ్లి బట్టలకు పత్తర్‌గట్టి పోతాం, గాజులకు లాడ్ బజార్ పోతాం. ఆ పక్కనే ఉన్న చౌమహల్లా లోపలికి మాత్రం చాలామంది ఒక్కసారి కూడా పోయి ఉండరు. పిల్లలకు సెలవులున్నప్పుడు ఒక రోజు పెట్టుకుంటే అక్కడి నుంచి మూసీ ఒడ్డు దాకా ముఖ్యమైన కట్టడాలు చూసి రావచ్చు.

ముందు ఏ రోజు వెళ్లాలన్న సంగతి. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండింటికీ శుక్రవారం సెలవు. జుమా నమాజ్ మక్కా మసీదులో చదివి అట్నుంచి అటే అవి కూడా చూద్దామని మనవాళ్లు శుక్రవారమే బయల్దేరి, గేటు దగ్గరి నుంచి వెనక్కి వస్తుంటారు. జుమా కోసం వెళ్తే దానికే వెళ్లండి, ఇవి చూడ్డానికి వేరే రోజు పెట్టుకోండి. ఆదివారం రద్దీ ఎక్కువ, శనివారం కొంత నయం. ఇంటిల్లిపాదీ కదిలితే టికెట్ల ఖర్చు కూడా చిన్నదేం కాదు, ధరలు ముందే చూసి లెక్క వేసుకోండి.

తుక్కుగూడ నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే పహాడీ షరీఫ్, చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, షా అలీ బండ మీదుగా నేరుగా చార్మినార్. పహాడీ షరీఫ్‌లో గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉంది, మెట్లెక్కాలి కాబట్టి పెద్దవాళ్లు ఉంటే ఎండ రాకముందే వెళ్లాలి. ఫలక్‌నుమా ప్యాలెస్ 2010 నుంచి స్టార్ హోటల్, దాన్ని రోడ్డు మీంచి చూసి సాగిపోవడమే.

చౌమహల్లా అసఫ్ జాహీల దర్బారు. ఖిల్వత్ ముబారక్ హాల్లో షాండ్లియర్ల కింద నిజాం గద్దె చూడొచ్చు. ఈ ప్యాలెస్‌ను బాగుచేసిన తీరుకు 2010లో యునెస్కో గుర్తింపు దక్కింది. 2023 జనవరిలో ముకర్రం జా చనిపోయినప్పుడు ప్రజలు చూడ్డానికి భౌతికకాయాన్ని ఇక్కడే ఉంచారు, తర్వాత మక్కా మసీదులో పూర్వీకుల పక్కన దఫన్ చేశారు.

చార్మినార్‌ను 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. పై అంతస్తులో మసీదు ఉందని మన పిల్లల్లో చాలామందికి తెలీదు. మక్కా మసీదు పని 1617లో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా మొదలుపెడితే 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. అంటే 77 ఏళ్లు. మొదలుపెట్టిన రాజ్యమే 1687లో పోయింది, మసీదు పని మాత్రం ఆగలేదు. జుహర్ ఇక్కడ చదువుకొని పత్తర్‌గట్టి మీదుగా మదీనా వైపు నడిస్తే దగ్గర్లోనే బాద్‌షాహీ అషూర్‌ఖానా. రంగురంగుల పెంకులతో అలంకరించిన గోడలు చూడండి. కింది భాగంలో పెంకులు లేవు, రంగులు వేశారు. ఆ పెంకులను వరద పాడుచేసింది.

1908 వరద

ఆ సెప్టెంబర్ 28న మూసీ పొంగి బ్రిడ్జిలు, బస్తీలు కొట్టుకుపోయాయి, వేలమంది చనిపోయారు. నయాపూల్ మీద నిలబడి చూస్తే అటుపక్క ఉస్మానియా దవాఖానా, ఇటుపక్క హైకోర్టు. రెండూ ఆ వరద తర్వాత ఏడో నిజాం కాలంలో లేచినవే, రెండింటి వెనకా విన్సెంట్ ఎష్ అనే ఆర్కిటెక్ట్ ఉన్నాడు. దవాఖానా ఆవరణలో పాత చింతచెట్టు ఉంది. వరద రోజు దాని మీదికెక్కి 150 మంది దాకా బతికారని చెప్తారు. ఆ చెట్టును పిల్లలకు తప్పకుండా చూపించండి. దవాఖానా పాత భవనంలోకి 2020 జూలైలో వాన నీళ్లు రావడంతో పేషెంట్లను ఖాళీ చేయించారు. కొత్త దవాఖానాకు 2025లో గోషామహల్‌లో శంకుస్థాపన చేశారు. హైకోర్టుకు కూడా రాజేంద్రనగర్ వైపు కొత్త బిల్డింగ్ పని మొదలైంది. ఈ పాత భవనాల్లో జనం లేకపోతే ఎన్నాళ్లు నిలబడతాయన్నదే ప్రశ్న. పేషెంట్లు ఉంటారు కాబట్టి లోపల ఫొటోలు తీయొద్దు, బ్రిడ్జి మీంచి చూస్తే చాలు.

ఇటు ఒడ్డునే సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరణతో 1951లో దివాన్ దేవ్‌డీలో తెరిచారు, ఇప్పుడున్న భవనానికి 1968లో మార్చారు. గంట గంటకూ బొమ్మ వచ్చి గంట కొట్టే గడియారం దగ్గరే జనమంతా ఉంటారు. అది చూశాక చేతిరాత ఖురాన్ ప్రతుల దగ్గరికి వెళ్లండి. కూఫీ, నస్ఖ్, నస్తాలీఖ్ రాతలు పక్కపక్కన చూస్తే తేడా పిల్లలకే తెలుస్తుంది. తక్కువలో తక్కువ రెండు గంటలు పడుతుంది.

ఓపిక ఉంటే పురానాపూల్. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా గోల్కొండ నుంచి నది దాటడానికి కట్టించాడు, అంటే చార్మినార్ కంటే 13 ఏళ్లు పెద్దది. టికెట్ లేదు, బోర్డులు లేవు, కింద నది వాసన మాత్రం భరించాలి.

తిరిగి వచ్చేటప్పుడు ఆరాంఘర్ మీదుగా శంషాబాద్ రోడ్డు పట్టండి. మళ్లీ అలాంటి వరద రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన రెండు చెరువుల్లో ఉస్మాన్ సాగర్ 1920ది, మన దారిలో ఉండే హిమాయత్ సాగర్ 1927ది. మగ్రిబ్‌కు ముందు కట్ట దగ్గర కాసేపు ఆగొచ్చు. వానాకాలం గేట్లు ఎత్తితే కింద సర్వీస్ రోడ్డు మూసేస్తారు, ఆ రోజు వార్త చూసుకొని బయల్దేరండి.