నెక్స్ట్ జెన్ ఏటీపీ ఫైనల్స్

నెక్స్ట్ జెన్ ఏటీపీ ఫైనల్స్ పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్‌లో కుర్రాళ్ల కోసం పెట్టిన టోర్నమెంటు. ఏడాది చివర్లో ఇండోర్ హార్డ్ కోర్టు మీద జరుగుతుంది. ఆడేది ఎనిమిది మందే. నలుగురేసి రెండు గ్రూపులు, ఆపైన సెమీస్, ఫైనల్. గెలిస్తే డబ్బు వస్తుంది గానీ ర్యాంకింగ్ పాయింట్లు రావు. అందుకే దీన్ని ఉత్తుత్తి పోటీ అని కొట్టిపారేసేవాళ్లున్నారు. విజేతల పేర్లు చూస్తే ఆ మాట నిలవదు.

ఇండోర్ కోర్టు మన వైపు ఆటాభిమానులకు పెద్దగా పరిచయం లేనిది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లకు అందుబాటులో ఉన్న ప్రొఫెషనల్ పోటీ బెంగళూరు ఓపెన్; అది ఆరుబయట జరుగుతుంది. కప్పు కింద ఆడితే గాలి ఉండదు, ఎండ కళ్లలో పడదు. ఎగరేసిన బంతి అనుకున్న చోటే దిగుతుంది కాబట్టి సర్వీసు బలంగా ఉన్నవాడికి లాభం.

మొదటి పోటీ 2017 నవంబరులో ఇటలీలోని మిలాన్‌లో జరిగింది. అప్పటి వయోపరిమితి 21 ఏళ్లు. ఆరంభమే అభాసుపాలైంది: ఎవరు ఏ గ్రూపో తేల్చే అక్షరాన్ని మోడళ్ల దుస్తుల మాటున దాచి, ఆటగాళ్ల ముందు బయటపెట్టించారు. విమర్శలు వెల్లువెత్తాక పురుషుల టెన్నిస్ నిర్వాహక సంస్థ ఏటీపీ క్షమాపణ చెప్పింది. టైటిల్ మాత్రం ఆండ్రీ రుబ్లెవ్‌ను ఓడించి దక్షిణ కొరియా ఆటగాడు చంగ్ హ్యాన్ పట్టుకుపోయాడు.

ఈ టోర్నీ అసలు ప్రత్యేకత నియమాల్లో ఉంది. సెట్టుకు ఆరు గేములు కాదు, నాలుగే. 3-3 అయితే టైబ్రేక్. అయిదు సెట్లలో మూడు గెలవాలి. డ్యూస్ వచ్చిందా, ఒక్క పాయింటుతో గేము తేలిపోతుంది. సర్వీసుకు 25 సెకన్ల గడియారం పెట్టారు. గీతల దగ్గర వంగి నిలబడే లైన్ జడ్జీలను తీసేసి, బంతి లోపలా బయటా అన్నది కెమెరాలకు అప్పగించారు. కోచ్‌తో హెడ్‌సెట్‌లో మాట్లాడుకోనిచ్చారు. 2018లో కోర్టు వెనకాల టవల్ స్టాండు పెట్టి, చెమట గుడ్డ బాల్‌బాయ్ చేతికిచ్చే అలవాటు మాన్పించారు. అప్పుడు నవ్వినవాళ్లే కోవిడ్ రోజుల్లో అదే పద్ధతి పాటించారు. 2025 నుంచి ఏటీపీ టూర్ అంతటా లైన్ జడ్జీలు లేరు, కోచింగ్‌కూ అనుమతి వచ్చింది. నాలుగు గేముల సెట్టు మాత్రం ఈ గడప దాటలేదు, దాటాల్సిన పనీ లేదు.

2018లో సిట్సిపాస్, 2019లో వైల్డ్ కార్డుతో వచ్చిన యానిక్ సినర్ గెలిచారు. 2020 పోటీ కోవిడ్ వల్ల రద్దయింది. 2021లో కార్లోస్ అల్కరాజ్, 2022లో బ్రాండన్ నకషిమా విజేతలు. వీళ్లలో అల్కరాజ్ 2022లో, సినర్ 2024లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు.

2023లో టోర్నీ సౌదీ అరేబియాలోని జెడ్డాకు తరలింది. ఆ ఏడు సెర్బియా కుర్రాడు హమద్ మెద్జెదోవిచ్ నెగ్గాడు. 2024లో వయోపరిమితిని 20 ఏళ్లకు తగ్గించారు. బ్రెజిల్‌కు చెందిన జావో ఫొన్సెకా టైటిల్ కొట్టాడు.

తెలుగువాళ్ల పేరు ఇందులో చేరింది ఆ ఏడే. ఆడినవాడు నిశేష్ బసవారెడ్డి. అమ్మానాన్నలది నెల్లూరు; అతను 2005 మే 2న కాలిఫోర్నియాలో పుట్టి, ఇండియానా రాష్ట్రంలోని కార్మెల్‌లో పెరిగాడు. స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్లు చదివి ప్రొఫెషనల్ బాట పట్టాడు. జెడ్డాలో గ్రూపు దాటలేకపోయినా, నెల తిరక్కుండానే ఆస్ట్రేలియన్ ఓపెన్ తొలి రౌండులో జొకోవిచ్‌పై మొదటి సెట్టు 6-4తో గెలిచి, తర్వాతి మూడు సెట్లూ కోల్పోయాడు. 2025 డిసెంబరులో మళ్లీ జెడ్డాలో ఆడాడు. ఈసారి టైటిల్ అమెరికాకే చెందిన లెర్నర్ టియెన్‌కు దక్కింది. వయోపరిమితి ప్రకారం ఇద్దరికీ అదే ఆఖరి అవకాశం.