కాళ్ళు చాపుకుని నడిపే బండి: వందేళ్ళ కథ



సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు ఎక్కే బళ్ళని ఎప్పుడైనా గమనించారా? మోటారు సైకిలు వాడు గుర్రం ఎక్కినట్టు కూర్చుంటాడు. స్కూటరు వాడు కుర్చీలో కూర్చున్నట్టు కాళ్ళు ముందు పెట్టుకుంటాడు. ఆ ముందు జాగాలోనే మన యూరియా బస్తా, దాణా బస్తా, కొబ్బరికాయల గోతాం అన్నీ వచ్చేస్తాయి. కాళ్ళు ముందుకు పెట్టుకునే ఈ పద్ధతి వెనక వందేళ్ళ చరిత్ర ఉందండి.

1921లో అమెరికాలో కార్ల్ నెరాకర్ అనే ఇంజనీరు ఒక బండి చేశాడు. పేరు నెర్-ఎ-కార్. ఆయన ఇంటిపేరూ అదే, 'కారుకి దగ్గర' అన్న అర్థమూ అదే. సీటు బాగా కిందకి ఉండేది, కాళ్ళు ముందుకి. బరువు నేలకి దగ్గరగా ఉండటంతో బండి తొణక్కుండా పోయేది. ఇంగ్లండులో కూడా లైసెన్సు మీద తయారుచేశారు.

తర్వాత 1946లో ఇటలీలో వెస్పా వచ్చింది. దాన్ని గీసిన కొరాడినో దస్కానియో హెలికాప్టర్ల ఇంజనీరు. ఆయనకి మోటారు సైకిలంటే గిట్టదు. గొలుసు మురికి, పంక్చరు పడితే చక్రం విప్పడం కష్టం. అందుకని ఇంజను వెనక చక్రం పక్కకి పెట్టి, గేరు చేతికిచ్చి, కాళ్ళ ముందు రేకు అడ్డం కట్టాడు. మరుసటి ఏడే లాంబ్రెట్టా వచ్చింది. 1972లో మన కేంద్ర ప్రభుత్వం లక్నోలో స్కూటర్స్ ఇండియా పెట్టి, లాంబ్రెట్టా యంత్రాలన్నీ ఇటలీ నుంచి కొని తెచ్చింది. అక్కడి ఇంజన్లతోనే మన హైదరాబాదులో ఆల్విన్ పుష్పక్ తయారైంది. మన పెద్దవాళ్ళలో ఆ పేరు గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఇంగ్లండులో కొందరికి స్కూటరు కూడా చాల్లేదు. 1970లలో మాల్కమ్ న్యూవెల్ అనే ఆయన క్వాసర్ అని కట్టాడు. 850 సీసీ కారు ఇంజను, పైన కప్పు, వెనక్కి ఆనుకునే సీటు. మొత్తం ఇరవై పైచిలుకు బళ్ళే తయారయ్యాయి. 2000లో బీఎండబ్ల్యూ వాళ్ళు కప్పు, సీటు బెల్టు పెట్టి సీ1 అని తెచ్చారు. అదీ రెండు మూడేళ్ళకే ఆగిపోయింది. సుజుకీ బర్గ్‌మన్ లాంటి పెద్ద స్కూటర్లు వచ్చాక పని తేలికైంది. సీటు కింద డిక్కీ తీసేసి, ఆ గుంటలోకి సీటు దించి, వీపుకి ఆనుడు కట్టి, హ్యాండిలు వెనక్కి లాగితే రోజూ పనికెళ్ళే సొంత బండి తయారు. గాలి తక్కువ తగులుతుంది, అందుకే పెట్రోలు కలిసొస్తుంది.

అయితే దానికో ఇబ్బంది ఉంది. మోటారు సైకిలు మీద గుంట వస్తే కాళ్ళ మీద లేచి దెబ్బ తప్పించుకుంటాం. కాళ్ళు ముందుకి చాపినవాడు లేవలేడు. దెబ్బంతా నడుముకే. తారు రోడ్డు మీద సుఖం, మన కాలవ గట్టు మీద నరకం. పైగా మన చిన్న స్కూటరుకి సీటు కింద చాలావాటికి పెట్రోలు ట్యాంకు కూడా అక్కడే ఉంటుంది. దించడానికి చోటేదీ? చాసిస్ కోసి వెల్డింగు పెట్టించాలి. వంతెన దిగేటప్పుడు ఆ అతుకు వదిలితే ప్రాణానికే ముప్పు.

మరి మనకి ఈ కథతో పనేంటి? పనుందండి. మన కోనసీమలో కొబ్బరి చెట్టు మీంచి పడి నడుం పోయిన దింపు కార్మికులున్నారు. పోలియో వచ్చినవాళ్ళున్నారు. మోకాళ్ళు అరిగిపోయి కాలు ఎత్తి బండెక్కలేని రైతులున్నారు. కాళ్ళు ముందు పెట్టుకుని, కిందగా కూర్చుని నడిపే బండి వాళ్ళకి సరదా కాదు, బతుకుతెరువు. రేవు దాటి ఆసుపత్రికెళ్ళాలన్నా, చేలోకి వెళ్ళాలన్నా ఇంకొకరి చెయ్యి కోసం చూడక్కర్లేదు.

చట్టం కూడా దాదాపు ఇదే మాట అంటోంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. కానీ వైకల్యం ఉన్నవారి కోసం బండి మార్చుకోవడానికి అదే సెక్షన్ దారి వదిలింది. ఆర్టీవో ఆఫీసులో చూపించి, ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. లైసెన్సు కూడా అలాంటి బండికి తగ్గట్టే తీసుకోవాలి. ఆ రాత లేకుండా తిరిగితే ఏదైనా జరిగిన రోజున ఇన్సూరెన్సు దగ్గర పేచీ ఖాయం.

ఇంకో సంగతి. పక్క చక్రాలు కట్టిన స్కూటరు మలుపులో పక్కకి వాలదు, వెడల్పూ ఎక్కువ. కొన్నవాళ్ళు ముందు ఖాళీ రోడ్డు మీద నాలుగు రోజులు నేర్చుకుని, తర్వాతే గట్టెక్కాలి.

నెరాకర్ నుంచి న్యూవెల్ దాకా వీళ్ళంతా మనిషిని బండికి సరిపెట్టలేదు, బండినే మనిషికి సరిపెట్టారు. మీ ఊళ్ళో అలా బండి అవసరమైనవాళ్ళెవరైనా ఉంటే ఈ పోస్టు చదివి వినిపించండి. కాగితాల పనికి మనలో ఒకరం తోడెళ్తే వాళ్ళకి సగం బరువు దిగినట్టే.