ఊరి కబురు రాసేవాళ్లు

పేపరు చేతికి రాగానే ఢిల్లీ సంగతులు చదివేవాళ్లు మహానుభావులు. నేను మాత్రం ముందు జిల్లా పేజీ తిప్పుతాను. రేపు కరెంటు ఎన్నింటికి తీస్తారో, నీళ్లు ఎప్పుడు వదులుతారో తెలియకపోతే ఇల్లు గడిచేదెలా? మగవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఈ చిన్న వార్తల వెనక చాలా పెద్ద చరిత్రే ఉంది.

పత్రికలంటే పట్నాల్లోనే పుడతాయని మన నమ్మకం. కాని 1922లో తెనుగు పత్రిక వెలువడింది ఇనుగుర్తి నుంచి. అప్పటి వరంగల్లు జిల్లాలో అదొక పల్లెటూరు. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అనే అన్నదమ్ములు దాన్ని నడిపారు. ఆ ఏడే షబ్నవీసు వెంకటరామనరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక తెచ్చారు. అవి నైజాం రోజులు. కచేరీల్లో నడిచేది ఉర్దూ. అలాంటి చోట ఊరి మాట ఊరి భాషలో అచ్చు కావడం మాటలా! ఆ రెండూ ఎక్కువ కాలం నిలవలేదు. అయినా దారి పడింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. ఇటు నెల్లూరులో 1930లో జమీన్ రైతు పుట్టి, జమీందారీ రైతుల గోడు వినిపించింది.

ఆ నెల్లూరు జిల్లాలోనే ఆడవాళ్ల కథ ఒకటి జరిగింది. 1992లో దూబగుంట స్త్రీలు తమ ఊళ్లో సారా అమ్మకం సాగనివ్వలేదు. రాత్రి బడిలో వాళ్లు చదువుకున్న సీతమ్మ కథ పాఠం కూడా వాళ్లకు ధైర్యమిచ్చింది. ఒక పల్లెలో ఆడవాళ్లు చీపురు పట్టుకుంటే పక్క తాలూకాకు తెలిసేదెలా? అంతకు మూడేళ్ల ముందు, 1989లో, ఈనాడు జిల్లాకో చిన్న పత్రిక వేయడం మొదలుపెట్టింది. పై పత్రికలో నాలుగు వాక్యాలకు కూడా నోచుకోని వార్తకు జిల్లా పేజీలో చోటు దొరికింది. "వాళ్లు చేసింది మనం చెయ్యలేమా?" అన్న మాట ఊరూరా పాకింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించారు. పోరాటం ఆడవాళ్లదే. పేపరు చేసిందల్లా ఒక ఊరి కబురు ఇంకో ఊరికి మోయడం. అది మాత్రం తక్కువ పనా?

ఇప్పుడా చోటు కుంచించుకుపోతోంది. ప్రకటనలు ఫోన్లలోకి వెళ్లాయి, కాగితం ధర పెరిగింది. 2020లో కరోనా వచ్చి ఉన్న పేజీల్నీ తగ్గించింది. విడి జిల్లా పత్రికలు చాలావరకు పెద్ద పేపర్లో రెండు మూడు పేజీలై సర్దుకున్నాయి.

"ఫోన్లో అన్నీ వస్తున్నాయిగా!" అంటారు. వస్తాయమ్మా, ఎవరు పంపారో తెలియకుండా వస్తాయి. అబద్ధమైతే అడగడానికి మనిషి దొరకడు. ఊరి విలేకరి అలా కాదు. తప్పు రాస్తే మర్నాడు సంతలో నిలదీస్తాం. ఆ భయమే అతని చేత నిజం రాయిస్తుంది. అతనూ దేవుడేం కాదు. ప్రకటన ఇచ్చిన పెద్దమనిషి తప్పు కనిపించనట్టు నటించే రోజులూ ఉంటాయి. చాలామందికి చేతికొచ్చేది అంతంతమాత్రమే. జీతం సరిగా ముట్టనివాణ్ణి ధైర్యంగా రాయమంటే ఎలా?

పంచాయతీ సమావేశంలో ఒక మూల కాగితం, కలం పట్టుకుని ఎవరో కూర్చున్నారని తెలిస్తే లెక్కలు చెప్పే గొంతు వేరుగా ఉంటుంది. ఆ మూల ఖాళీ అయితే బడి పైకప్పు, మధ్యాహ్నభోజనంలో పప్పు, వీధి కుళాయి అన్నీ ఎవరికీ పట్టని సంగతులవుతాయి. వాటితో రోజూ వేగేది ఎవరు? మనమే కదా.

అందుకే మీ ఊళ్లో నిజాయితీగా నడిచే చిన్న పత్రిక ఉంటే, పాలవాడి లెక్కతో పాటు దాని చందా కూడా కట్టేయండి. బజారులో ఆ విలేకరి కనిపిస్తే, మీ వీధి సంగతి ఒకటి చెప్పి రండి.