అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ పెంపు: తెలంగాణలో చట్టపరమైన హద్దులు

లిఫ్టు, నీటి మోటారు, వాచ్‌మన్ జీతం వంటి ఉమ్మడి ఖర్చులకు ఫ్లాట్ల యజమానుల సంఘం నెలనెలా వసూలు చేసే మెయింటెనెన్స్‌ను ఎంత శాతం దాకా పెంచవచ్చో తెలంగాణ చట్టాలు చెప్పవు. కరీంనగర్, ఆదిలాబాద్ వంటి పట్టణాల్లోనూ 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం, సంఘం రిజిస్టరైన చట్టం, దాని బైలాలే ఆధారం. అసలు కళ్లెం సర్వసభ్య సమావేశమే. బైలా ఇవ్వని అధికారంతో కార్యవర్గం పెంచితే సభ్యులు సవాలు చేయవచ్చు. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) పరిధిలోని ప్రాజెక్టుల్లో, సంఘం బాధ్యత తీసుకునేదాకా సముచిత రుసుముపై నిర్వహణ బిల్డర్‌దేనని 2016 నాటి రెరా చట్టం అంటుంది.

సభ్యుడి నెలసరి చెల్లింపు రూ. 7,500, సంఘం వార్షిక వసూళ్లు రూ. 20 లక్షలు రెండూ దాటితే 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఈ రూ. 7,500నే పెంపు పరిమితిగా పొరబడేవారున్నారు. అది పన్ను మినహాయింపు పరిమితి మాత్రమే. చట్టమే పెంపు శాతానికి హద్దు పెట్టిన అమెరికాలోని కాలిఫోర్నియాలోనైతే, అత్యవసరాల్లో తప్ప, సభ్యుల ఓటు లేకుండా ఏటా 20 శాతానికి మించి పెంచరాదు.