ముదిమికి తోడైన చిలుక

మండువా లోగిళ్లు చెక్కుచెదరక నిలిచియున్న కాలమున, వసారా దూలమునకు వ్రేలాడు ఇనుప పంజరములోని రామచిలుక తరచుగ ఆ యింటి ముసలివారి సొత్తుగ నుండెడిది. పిల్లలు దానికి జామపండ్లు అందించుచుండిరి, కోడండ్రు పంజరము కడుగుచుండిరి. కాని తెల్లవారుజామున లేచి దాని యెదుట కూర్చుండి ‘రామ రామ’ యని పలుకు నేర్పువారు మాత్రము, నిద్ర తగ్గి, ఇంటి పెత్తనము చేజారి, జపమాల యొక్కటియే మిగిలిన అవ్వయో తాతయో అయియుండెడివారు. చూచుటకు ఇది చిన్న యాచారమే. అయినను దీని వెనుక రెండువేల యేండ్లకు మించిన చరిత్రయు, వార్ధక్యమున మనుజుడు దేనిపై మమత నిలుపవచ్చును, దేనిపై నిలుపరాదు అను పాత తగవును దాగియున్నవి.

చిలుక మాట నేర్చునను సంగతి మన దేశమునుండి వెలికి ప్రాకిన తొలి వింతలలో నొకటి. క్రీస్తునకు పూర్వము ఐదవ శతాబ్ది చివర పారసీక చక్రవర్తి కొలువున వైద్యుడుగ నుండిన క్టీసియస్ అను గ్రీకు, హిందూదేశమున మనుష్యునివలె మాటాడు పక్షి కలదనియు, అది స్వభావముగ ఆ దేశపు భాషనే పలుకుననియు, నేర్పినచో గ్రీకు భాషను సైతము పలుకుననియు వ్రాసెను. ఆయన ఈ దేశమున అడుగిడినవాడు కాడు. ఒంటికాలి మనుష్యులను గూర్చి కూడ వ్రాసినవాడు. చిలుక విషయమున మాత్రము చాలవరకు నిజమే చెప్పెను. అశోకుడు తన పట్టాభిషేకమునకు 26 ఏండ్లు నిండిన పిమ్మట వ్రాయించిన ఐదవ స్తంభశాసనమున, చంపరాని ప్రాణుల పట్టికలో మొట్టమొదట పేర్కొన్నది చిలుకను, ఆ వెంటనే గోరువంకను. చంపరాదనెనే గాని పంజరము మాట ఆ చక్రవర్తి యెత్తలేదు.

ఆ ప్రాచీనకాలమున చిలుక ముసలివారి తోడు కాదు, పడుచువారి వినోదము. వాత్స్యాయనుడు చెప్పిన అరువదినాలుగు కళలలో శుకశారికలకు పలుకు నేర్పుట యొకటి. రాత్రి దంపతులు రహస్యముగ ననుకొన్న మాటలను చిలుక ఉదయమున అత్తమామల యెదుట వల్లించుటయు, కోడలు సిగ్గుతో తన చెవికమ్మలోని కెంపును దానిమ్మగింజయని దాని నోటికందించుటయు అమరుకుని శ్లోకమొకదానిలోని ముచ్చట. ఇట్లు పడకటింటి చాడీకోరుగ నుండిన పక్షి, కొన్ని శతాబ్దములలో దేవతార్చన గదికి మారినది. ఈ మార్పునకు కారణము భక్తిమార్గమని నా యభిప్రాయము.

నామస్మరణమే కలియుగమున తరణోపాయమని భాగవతులు చాటిన పిదప, ముసలితనమునకు ఒక క్రొత్త దిగులు పుట్టినది: అంత్యకాలమున నాలుక తిరుగునా? భాగవత షష్ఠస్కంధములోని అజామిళుడు, ఎనుబదియెనిమిదేండ్లు గడచి యమభటులు పాశములతో నిలిచిన వేళ, కడగొట్టు కొడుకును ‘నారాయణా’ యని పిలిచి తరించెను. బిడ్డలకు దేవుని పేర్లు పెట్టుట ఈ దిగులునకు మన పెద్దలు కనుగొన్న ఉపాయము. కాని బిడ్డలు పెద్దవారై ఊళ్లు పట్టిపోవుదురు; చిలుక యటుల పోవునది కాదు. చిలుకకు రామనామము నేర్పి, నేర్పుచు తానును పలికి, ఆ పుణ్యమున తరించిన గణిక కథ దేశమంతట భక్తుల నోళ్లలో ప్రసిద్ధము. వేశ్యయే తరించినప్పుడు, జన్మమంతయు ఉపవాసములతో గడపిన అవ్వ తరింపదా? తన నోరు పడిపోయిన దినమున తన చిలుకయైనను పలుకునని ఆమె ధైర్యము.

ఇచ్చట ఒక చిక్కున్నది. వృద్ధులకు శాస్త్రము విధించినది వైరాగ్యము. అదే భాగవతమున, బొప్పరాజు గంగన తెనిగించిన పంచమస్కంధమున, రాజ్యము విడిచి గండకీతీరమున తపస్సు చేసికొను భరతుడు తల్లి చచ్చిన లేడిపిల్లను చేరదీసి, దానినే తలచుచు ప్రాణము విడిచి లేడియై పుట్టెను. పెంపుడు జంతువుపై ముదిమి మమతకు ఇంతకంటె కఠినమైన హెచ్చరిక మన వాఙ్మయమున లేదు. అటులని మహాభారతము వేరొక మాట చెప్పకపోలేదు: తిక్కన తెనిగించిన మహాప్రస్థానిక పర్వమున, తమ్ములును ద్రౌపదియు దారిలో కూలిపోగా తుదివరకు వెంట వచ్చిన కుక్కను విడిచి రానని ధర్మరాజు స్వర్గద్వారముననే మొరాయించెను. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచుకొని ఏది నిజమని తేల్చుకొనుట పండితుల పని. మన యింటి ముసలమ్మలు తేల్చుకొనలేదు, సందు వెదకికొనిరి. లేడిపిల్ల దేవుని మరపించినది. చిలుక దేవుని పేరే పలుకును. దానిని ముద్దు చేయుచున్నంతసేపు తాను జపము చేయుచున్నట్లే గదా! మమతకు మమతయు దక్కినది, వైరాగ్యమునకు మాటయు రాలేదు. పైగా అది పండ్లు, పచ్చిమిరపకాయలు, నానబెట్టిన సెనగలు తినునది గనుక మడికి అడ్డు రాలేదు. కుక్క వీధి యరుగు దాటలేదు, పిల్లి పాలదొంగయని పేరుపడినది.

ఈ తోడు అందరికంటె ఎక్కువ అవసరమైనది వితంతువులకు. 1881 డిసెంబరు 11 న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతు వివాహము జరిపించిరి. ఆ సంస్కారము బాలవితంతువులకు దారి చూపినది గాని, బాల్యముననే పసుపుకుంకుమలు పోగొట్టుకొని వంటయింటి మూల యేబదియరువదియేండ్లు గడపిన ముదుసలులకు దానివలన కలిగిన మేలు స్వల్పము. పెండ్లిపందిట వారు నిలువరాదు, ప్రయాణమునకు వారు ఎదురు రారాదు. ఆ యింటిలో వారి ముఖము చూచి అపశకునమని తల త్రిప్పుకొననిది, పిలిచిన వెంటనే పలికినది చిలుక యొక్కటియే యనిన అతిశయోక్తి కాదు. పంజరములో పాతికేండ్లవరకు బ్రతుకగల పక్షి గనుక, నేర్పినవారు పోయిన పిదపను అది వారి గొంతుయాసతోనే నామము పలుకుచుండుట గృహస్థులకు క్రొత్త కాదు.

ఇండ్లలోని యాచారమునకు కోవెలల ఆదరము తోడైనది. మధుర మీనాక్షి హస్తమున చిలుక యున్నది. ఆ యాలయమున స్వర్ణకమల తటాకమునకు చేరువ నున్న చిలుకపంజరాల మండపమున పూర్వము చిలుకలను పెంచి అమ్మవారి నామము పలుకుట నేర్పుచుండిరి. ఆముక్తమాల్యద కథకు పుట్టినిల్లగు శ్రీవిల్లిపుత్తూరున గోదాదేవి చేతిలోని చిలుక సజీవము కాదు. ఆకులతో ఒడలును దానిమ్మపూవుతో ముక్కును అమర్చి దినదినము క్రొత్తగ కట్టుదురు. రెండింటిలో నాకు నచ్చినది ఇదియే.

ఏలయనగా, పంజరము పాపమను నెఱుక మనవారికి లేకపోలేదు. భద్రాద్రిరాముని గుడి కట్టించి రామదాసుగ పేరొందిన కంచెర్ల గోపన్న, 1672 నుండి గోలకొండ నేలిన తానీషా కాలమున చెరసాలలో పండ్రెండేండ్లు మ్రగ్గెనని ప్రతీతి. ఇంతటి భక్తునకు ఇంతటి శిక్ష యేలయని జనులు తమలో తాము తర్కించుకొని, పూర్వజన్మమున ఆయన ఒక చిలుకను పంజరమున బంధించెననియు, ఆ ఋణము తీరువరకు రాముడు సైతము రాలేకపోయెననియు కథ చెప్పుకొనిరి. ఇది చరిత్ర కాదు. అయినను చరిత్రకారుడు త్రోసిపుచ్చదగినది కాదు. రామనామము నేర్పుటకే చిలుకను పట్టి యుంచిన జాతి, ఆ పట్టి యుంచుటయే రామదాసుని చెరకు మూలమని యొప్పుకొన్నది. శరీరము పంజరము, జీవుడు చిలుక యని తత్త్వములు పాడినదియు ఈ జనమే. ఆ పాటను తలలూపి విని, ఇంటికి వచ్చి పంజరము తలుపు గడియ సరిగ పడినదో లేదో చూచుకొన్నదియు ఈ జనమే.

పంజరములకు ఆ చిలుకపిల్లలెక్కడినుండి వచ్చుచుండెనో అవ్వలు అడుగలేదు. ఏడవ శతాబ్దిలో బాణుడు కాదంబరిలో వ్రాసినాడు: వింధ్యాటవిలో ఒక బూరుగుచెట్టు, దాని తొఱ్ఱలో, రెక్కలూడి యెగురజాలని ముసలి చిలుక, చెట్టు మొదట రాలిన గింజలేరి తల్లి లేని పిల్లను సాకుచుండగా, వేటగాండ్ర దండునుండి వెనుకబడిన ముసలి శబరుడు చెట్టెక్కి తొఱ్ఱలు తడివి పక్షులను చంపి క్రింద పడవేయును. తండ్రి పిల్లను రెక్క క్రింద దాచుకొని చచ్చును. ముసలి పక్షిని ముసలి మనుష్యునిచేతనే చంపించిన ఆ కవి కరుణయు కాఠిన్యమును అసాధారణములు. బాణుని శబరుడు చంపి పడవేసెను; చిలుకల వ్యాపారి పిల్లలను ప్రాణముతో దింపి గంపలకెత్తి అంగడికి తెచ్చెను; తొఱ్ఱలు తడివిన చేయి మాత్రమొకటియే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, 1990-91 లో మన దేశపు పక్షుల వ్యాపారమునకు వేసిన అడ్డుకట్టయు పంజరపు చిలుక కథను శాసనరీత్యా ముగించినవి. చాటుమాటు బేరము మాత్రము నేటికిని సాగుచున్నది. ముసలివారికి తోడు వలదని ఎవ్వరును అనజాలరు. కుక్కయో పిల్లియో ఇప్పుడు గడప దాటి లోనికి వచ్చినవి, మడి పట్టింపు సడలినది, అదియు మంచిదే. చిలుకలే కావలెననువారు వరికంకుల కుచ్చులు చూరునకు కట్టిన చాలును. ఇంతకు పూర్వమే పెద్దలు పెంచిన చిలుక మీ యింట నున్నచో, జాలిచేత దానిని తటాలున విడిచిపెట్టకుడు. పంజరమున పెరిగినది మేత వెదకికొనలేక, కాకులనుండి తప్పించుకొనలేక చచ్చును. అటవీశాఖవారికి తెలియజేసి వారికప్పగింపుడు.