పట్టాలో లేని పేరు: బెంగాల్ వామపక్ష చరిత్రలో స్త్రీలు

పశ్చిమ బెంగాల్‌లో లెఫ్ట్ ఫ్రంట్ ప్రభుత్వం 34 ఏళ్ల పాలన తర్వాత 2011లో ఓడిపోయింది. ఎందుకు ఓడిందన్న దాని మీద అప్పట్నించీ చాలా రాశారు. పరిశ్రమలు తరలిపోవడం గురించి రాశారు. ఇంటి గొడవ దగ్గర్నించి పొలం తగాదా దాకా పార్టీ ఆఫీసే తీర్పు చెప్పే స్థితి గురించి రాశారు. సింగూరు, నందిగ్రామ్‌ల గురించి రాశారు. అన్నిటిలోనూ నిజముంది. అయితే ఈ విశ్లేషణల్లో రైతు అన్నా, కాందిశీకుడు అన్నా, కార్యకర్త అన్నా మన కళ్లముందు నిలిచేది మగవాడే. స్త్రీల ఆత్మకథలను, జ్ఞాపకాలను పక్కన పెట్టుకుని అదే చరిత్ర చదివితే ఎదుగుదలకీ పతనానికీ వేరే తేదీలు కనిపిస్తాయి.

నా డాక్టరేట్ పరిశోధన ఉద్యమాల్లో పనిచేసిన స్త్రీల ఆత్మకథల మీద. ఆ దారి చూపింది స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు అందులో పోరాటం గురించి చెప్పారు, పోరాటం ముగిశాక తమ బతుకులు ఏమయ్యాయో కూడా చెప్పారు. ఆ రెండో ప్రశ్నను పట్టుకునే నేను బెంగాలీ స్త్రీల రచనల దగ్గరికి వెళ్లాను.

మణికుంతలా సేన్ ఆత్మకథ 'షెదినేర్ కథా' 1982లో వెలువడింది. బరిశాల్‌లో పెరిగి, కలకత్తా వచ్చి కమ్యూనిస్టు అయిన స్త్రీ ఆమె. 1942లో ఏర్పడిన మహిళా ఆత్మరక్షా సమితిలో ఆమె, రేణు చక్రవర్తి వంటి వాళ్లు ముందుండి పనిచేశారు. మరుసటి ఏడే కరువు. ఆ కరువులో, దాని వెంట వచ్చిన రోగాల్లో 30 లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. 1943 మార్చిలో సమితి వేలమంది పేద స్త్రీలను బియ్యం కోసం శాసనసభ దాకా నడిపించింది. గంజి కేంద్రాలు నడిపింది. ఆకలికి అమ్ముడుపోయిన ఆడపిల్లలను వెనక్కి తెచ్చి బతుకు చూపించే పని మీద వేసుకుంది. అప్పటిదాకా చదువుకున్న యువకుల చర్చల్లో, కార్మిక సంఘాల్లో తిరిగిన కమ్యూనిజం ఇళ్ల లోపలికి వెళ్లిందంటే అందులో ఈ స్త్రీల పాలు పెద్దది. తిండి గింజ గురించి మాట్లాడిన పార్టీగా బెంగాల్ దాన్ని గుర్తుపెట్టుకుంది. 1959 ఆహారోద్యమం నాటికీ ఆ గుర్తే పనిచేసింది.

కరువు తర్వాత తేభాగా. 1946 చివర్లో, పంటలో సగానికి బదులు మూడింట రెండు వంతులు తమకే రావాలని బర్గాదార్లు, అంటే పాలుకు సాగుచేసే రైతులు, కోతలకు దిగారు. ధాన్యాన్ని జోతేదారు కళ్లానికి కాక సొంత కళ్లానికి చేర్చుకోవడం ఆ ఉద్యమం తీరు. మగవాళ్లు అజ్ఞాతంలోకి వెళ్లాల్సి వచ్చిన ఊళ్లలో కళ్లాలకు కాపలా కాసింది ఆడవాళ్లు. శంఖం ఊది ఒకరినొకరు హెచ్చరించుకుని, చీపుళ్లు, రోకళ్లు, కత్తిపీటలు పట్టుకుని పోలీసులకు ఎదురు నిలబడ్డారు. ఆ స్త్రీల మాటలను సేకరించిన వాళ్లలో కవితా పంజాబీ ఒకరు. ఈ పోరాటం మీద వచ్చిన పరిశోధనల్లో నన్ను ఎక్కువగా ఆపిన విషయం ఒకటుంది. ధాన్యం వాటా గురించి మాట్లాడుకోవడానికి చేరిన సమావేశాల్లోనే స్త్రీలు భర్తలు కొట్టడం గురించీ మాట్లాడారు. కొన్నిచోట్ల ఆ భర్తలను సమితి ముందు నిలబెట్టారు. ఇంటి హింస ఉద్యమానికి బయటి విషయమని వాళ్లకు తోచలేదు. ఆ గీత తర్వాత గీసింది.

తూర్పు పాకిస్తాన్‌లోని నాచోల్‌లో సంతాల్ రైతులతో పనిచేసిన ఇలా మిత్ర 1950 జనవరిలో అరెస్టయింది. పోలీసు కస్టడీలో తన మీద జరిగిన అత్యాచారాన్ని, చిత్రహింసను ఆమె కోర్టులో ఒక్కొక్కటిగా చెప్పింది. బాధితురాలి పరువే పోతుందని అందరూ నమ్మే కాలంలో ఒక స్త్రీ ఆ మాటలను రాజకీయ వాంగ్మూలంగా నిలబెట్టింది. కలకత్తా చేరాక ఎన్నోసార్లు శాసనసభకు ఎన్నికైంది. 2002లో చనిపోయే దాకా చాలామంది ఆమెను ఒక వీరగాథలా తలుచుకున్నారు. ఆ వాంగ్మూలం లేవనెత్తిన ప్రశ్నను మాత్రం అంతగా తలుచుకోలేదు.

1949 ఏప్రిల్ 27న రాజకీయ ఖైదీల విడుదల కోరుతూ సమితి తీసిన ఊరేగింపు మీద కలకత్తా బౌబజార్‌లో పోలీసులు కాల్పులు జరిపితే లతిక, ప్రతిభ, అమియ, గీత చనిపోయారు. అవే రోజుల్లో దేశవిభజనతో వచ్చిన కాందిశీకులు ఖాళీ స్థలాల్లో కాలనీలు వేసుకున్నారు. గుడిసెలు కూల్చడానికి వచ్చిన వాళ్లను ముందు వరసలో అడ్డుకున్నది స్త్రీలే. ఇల్లు గడవడానికి మొదటిసారి ఉద్యోగాల్లోకి వెళ్లిన వాళ్లూ వాళ్లే. ఋత్విక్ ఘటక్ 1960లో తీసిన 'మేఘే ఢాకా తారా'లోని నీత ఆ తరం స్త్రీ. ఈ కాలనీలే తర్వాత వామపక్షానికి కంచుకోటలయ్యాయి. కాందిశీకులకూ వామపక్షానికీ ఉన్న బంధం మీద వచ్చిన ప్రసిద్ధ గ్రంథం పేరు 'ది మార్జినల్ మెన్'. పేరులోనే మగవాళ్లు! ఇక మణికుంతల 1952లో, 1957లో కాళీఘాట్ నుంచి శాసనసభకు గెలిచింది. 1964లో పార్టీ చీలాక చురుకైన రాజకీయాల నుంచి తప్పుకుంది. తన ఊరేదో చెప్పుకోలేని స్థితిలో ఒక జీవితకాలపు కార్యకర్త మౌనంగా మిగలడం ఆ ఆత్మకథ చివర్లో నన్ను కలవరపెట్టింది.

1967 మే 25న నక్సల్బరీ దగ్గర ప్రసాదుజోత్‌లో పోలీసు కాల్పులకు 11 మంది బలయ్యారు. వాళ్లలో ఎక్కువమంది స్త్రీలు, ఇద్దరు పసిబిడ్డలు. నక్సల్బరీ అనగానే మనకు గుర్తొచ్చేది మాత్రం కాలేజీ వదిలి ఊళ్లకు వెళ్లిన యువకుడు. ఆ ఉద్యమంలో పనిచేసిన కృష్ణా బందోపాధ్యాయ్ 2008లో ఒక స్త్రీవాద కథనం రాశారు. స్త్రీలకు దక్కిన పనులు, వాళ్లకు దక్కని నిర్ణయాధికారం అందులో సూటిగా చర్చకు వచ్చాయి. జయా మిత్ర జైలు జ్ఞాపకాల పుస్తకం 'హన్యమాన్'లో తనతోపాటు ఖైదులో ఉన్న మామూలు స్త్రీలే ముఖ్య పాత్రలు. రాజ్యం గురించి సిద్ధాంతంగా తెలుసుకున్న అమ్మాయి, ఆ ఆడఖైదీల బతుకుల్లో కుటుంబాన్నీ రాజ్యాన్నీ కలిపి చదవడం నేర్చుకుంది.

1977లో లెఫ్ట్ ఫ్రంట్ అధికారంలోకి వచ్చింది. మరుసటి ఏడు మొదలైన ఆపరేషన్ బర్గా దేశంలోనే పెద్ద భూసంస్కరణల్లో ఒకటి. 14 లక్షలకు పైగా బర్గాదార్ల పేర్లు రికార్డుల్లోకి ఎక్కాయి. తేభాగాలో అడిగిన హక్కులో కొంత 30 ఏళ్ల తర్వాత చట్టమైంది. అయితే పేరు ఎక్కింది ఇంటి యజమానిది. 1980 ప్రాంతంలో బాంకురా జిల్లాలో పేద స్త్రీలు, తమ దగ్గరికి వచ్చిన వీణా మజుందార్ బృందాన్ని ఒక ప్రశ్న అడిగారు. ప్రభుత్వం భూమి పంచుతూ పట్టా మీద మా పేరు ఎందుకు రాయదు, మేం రైతులం కామా, మొగుడు వెళ్లగొడితే మాకు దిక్కేమిటి అన్నది ఆ ప్రశ్న సారాంశం. బీనా అగర్వాల్ తన రచనల్లో ఆ ప్రశ్నను ప్రపంచం ముందు పెట్టారు. ఉమ్మడి పట్టాల విధానం 1990ల్లో వచ్చింది. అప్పటికి పంపకం చాలావరకు అయిపోయింది. తేభాగా కళ్లాల దగ్గర కాపలా కాసిన స్త్రీలు కాగితం దగ్గరికి వచ్చేసరికి రైతు భార్యలైపోయారు.

వర్గం ముందు, స్త్రీల విషయం తర్వాత అన్న మాట అందరం విన్నదే. 1964లో ఏర్పడిన సీపీఎం పొలిట్ బ్యూరోలోకి మొదటి స్త్రీగా బృందా కరత్ వచ్చింది 2005లో. 1993 తర్వాత పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు వచ్చినప్పుడు లక్షల మంది ఆడవాళ్లు రాజకీయం నేర్చుకున్న మాట నిజమే, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ అభ్యర్థులను ఎంచేదీ, సమస్యకు పేరు పెట్టేదీ పార్టీ కమిటీయే.

2006లో 294 స్థానాల్లో 235 గెలిచిన ఫ్రంట్, అదే ఏడు సింగూరులో కార్ల ఫ్యాక్టరీ కోసం 997 ఎకరాలు సేకరించింది. రికార్డుకెక్కిన బర్గాదారుకు పరిహారం ఉంది. రికార్డుల్లో లేని వాళ్లకు లేదు. ఆ లేని వాళ్లలో కూలికి వెళ్లే స్త్రీలు, గట్ల మీద గడ్డి కోసుకుని మేకలు పెంచుకునే స్త్రీలు ఉన్నారు. బాంకురా స్త్రీలు అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వకుండా వదిలిన ఫలితం కంచె అవతల నిలబడింది. 2007 మార్చి 14న నందిగ్రామ్‌లో పోలీసులు వచ్చినప్పుడు ముందు వరసలో ఉన్నది స్త్రీలు, పిల్లలు. ఆనాడు 14 మంది చనిపోయారు. స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. ఇలా మిత్ర వాంగ్మూలాన్ని పంచిపెట్టిన సంప్రదాయపు వారసులే ఈ స్త్రీల మాటలను ప్రతిపక్షాల కల్పన అని కొట్టిపారేయడం నాకు అన్నిటికన్నా పెద్ద ఓటమిగా కనిపిస్తుంది. 2011 ఫలితం దాని తర్వాత వచ్చిన లెక్క మాత్రమే. ఆ లెక్క 2021 శాసనసభ ఎన్నికల్లో ఒక్క స్థానమూ రానంత దాకా పోయింది.

తృణమూల్ ప్రభుత్వం 2021లో లక్ష్మీర్ భండార్ పథకంతో నెలనెలా స్త్రీల ఖాతాల్లో డబ్బు వేయడం మొదలుపెట్టింది. దీన్ని ఓట్ల బేరం అని తేలిగ్గా తీసేయలేం. కాగితం మీద ఆమె పేరే రాశారు మరి. అయితే ఆ పేరు లబ్ధిదారు పేరు, హక్కుదారు పేరు కాదు. 2024 ఆగస్టులో ఆర్.జి.కర్ ఆస్పత్రిలో యువ డాక్టర్ అత్యాచారానికి, హత్యకు గురయ్యాక, 14 అర్ధరాత్రి వేలాది స్త్రీలు ఊరూరా వీధుల్లోకి వచ్చారు. పార్టీ జెండాలు వద్దన్నారు. వాళ్లలో వామపక్ష యువతులూ ఉన్నారు, నెలనెలా ఆ డబ్బు అందుకునే స్త్రీలూ ఉండే ఉంటారు.

బెంగాల్‌లో వామపక్షం మళ్లీ లేస్తుందా అని నన్ను సెమినార్లలో అడుగుతుంటారు. జోస్యం చెప్పడం నా పని కాదు. ఆకలి గురించి, అప్పు గురించి, కూలి గురించి మాట్లాడే రాజకీయం ఈ దేశపు స్త్రీలకు ఇప్పటికీ అవసరం. 1943లో ఆ రాజకీయాన్ని గడప దాటించి ఇళ్లలోకి తెచ్చింది స్త్రీలు. ఇప్పుడు దాన్ని తిరిగి కట్టాలనుకునే వాళ్లెవరైనా బాంకురా స్త్రీల ప్రశ్నతో మొదలుపెట్టాలి. దానికి ఇంకా పూర్తి జవాబు రాలేదు. మన తెలుగు నేలా అందుకు మినహాయింపు కాదు.